మూడో వంతు కోత

హల్వర్ మూడో కారు దగ్గరికి వచ్చి, ఉన్ని తొడుగు వేసుకున్న చేత్తో అద్దం మీద తట్టాడు. లోపలి మనిషి అద్దాన్ని వేలు దూరేంత మాత్రం దించాడు. వేడి బయటికి పోతుందని అతని భయం. తొంగి చూస్తే లోపల పోవడానికి వేడంటూ ఏమీ లేదు. ముందు సీట్లలో భార్యాభర్తలు, వెనక ఇద్దరు ఆడపిల్లలు, నలుగురూ కోట్లు, టోపీలు, మెడపట్టీలు బిగించుకుని కూర్చున్నారు. కుక్కకి కూడా స్వెటరు వేశారు.

"ఎంత చూపిస్తోంది బాబూ?" అని అడిగాడు హల్వర్.

"మూడు వందల పది," అన్నాడు అతను, పరీక్షలో వచ్చిన మార్కులు చెప్పినట్టు.

"హీటరు వేస్తేనో?"

"హీటరు వెయ్యం."

"వేస్తే రెండు వందల డెబ్బై అవుతుందట," అంది భార్య. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. "ఓస్లో నుంచి ఇలాగే తెస్తున్నాడు. నలభై కిలోమీటర్లు మిగిల్చాడు. నా కాళ్ళు మాత్రం దార్లోనే ఎక్కడో పోయాయి."

"టైర్లలో గాలి?"

"బాగా దట్టించాను. గట్టిగా ఉంటే ఎక్కువ దూరం వస్తుందని చదివాను."

హల్వర్ ముందు టైరుని బూటుకాలితో తన్నాడు. బూటులో బొటనవేలు కలుక్కుమంది.

"ఇలా ఉంటే రోడ్డుని పట్టుకోదు. మంచు మీద జారితే చాలా దూరమే పోతుంది గాని, నువ్వనుకున్న వైపు పోదు. కొంచెం గాలి తియ్యి."

"తీస్తే ఎంత తగ్గుతుంది?"

"ఓ పది తగ్గొచ్చు."

ఆ పది కిలోమీటర్లూ తన సొంత ఆస్తిలోంచి పోతున్నట్టు అతను మొహం పెట్టాడు. ఈలోగా భార్య చెయ్యి చాపి హీటరు మీట నొక్కేసింది. తెర మీద అంకె గబగబా దిగి రెండు వందల డెబ్బై దగ్గర ఆగింది. అతను చిన్నగా మూలిగాడు. వెనక సీట్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. హల్వర్ తన పద్ధతిలో మూడో వంతు కోసేసి, నూట ఎనభై అనుకుని, సరిపోతుందని తల ఊపి ముందుకి నడిచాడు.

ఈస్టర్ సెలవులకి మొదటి శనివారం అది. పొద్దుటి నుంచి స్తూర్‌హే కొండ మీద గాలి మంచుని లేపి కొడుతోంది. ఇలాంటి రోజు కొండదారి గేటు వేసేస్తారు. మంచు తోసే లారీ ముందు నడుస్తుంటే దాని వెనక కార్లన్నీ ఒకదాని తోక పట్టుకుని ఒకటి దాటాలి. ఆ వరసలో ఎవరు ఉండాలో, ఎవరు వెనక్కి తిరగాలో గేటు మనిషి చెబుతాడు. ముప్పై ఏళ్ళుగా ఆ గేటు మనిషి హల్వర్. వెనకటికి డీజిలు ఎంతుందని అడిగేవాడు, ఇప్పుడన్నీ కరెంటు బండ్లు కాబట్టి ఉన్న చార్జింగుతో ఎంత దూరం వస్తుందని అడుగుతున్నాడు. జనం అప్పుడూ ఎక్కువే చెప్పేవాళ్ళు, ఇప్పుడూ ఎక్కువే చెబుతున్నారు. కారు తెర మీద కనిపించే ఆ అంకెకి మావాళ్ళు అందాజా మీటరని పేరు పెట్టారు. పేరు పెట్టడం పెట్టారు గాని నమ్మడం మాత్రం మానలేదు.

హల్వర్ నమ్మడు. ఎవరు ఏ అంకె చెప్పినా మూడో వంతు కోసేస్తాడు. ఆ కోత గేటు దగ్గర మొదలై, ఎప్పుడో తెలియకుండానే ఇంట్లోకి కూడా వచ్చేసింది. వాతావరణం వాళ్ళు మూడు రోజులు ఎండ అంటే రెండు రోజులకే బట్టలు ఉతుక్కుంటాడు. డాక్టరు గుండె భేషుగ్గా ఉందంటే, ఏదో నడుస్తోందన్నమాట అనుకుంటాడు. తూరున్‌ని పెళ్ళి చేసుకోమని అడిగినప్పుడు కూడా, "మనిద్దరికీ పరవాలేదనుకుంటా," అన్నాడు. ఆమె ఆ మాటకి పడీపడీ నవ్వి ఒప్పుకుంది. ఆ తరవాత ఇన్నేళ్ళలో ఆమె వంటకి, ఆమె కొత్త కోటుకి, ఆమెకి అతను ఇచ్చిన అతి పెద్ద కితాబు ఆ పరవాలేదే.

మనిషి పొడుగు. కారు అద్దాల ఎత్తుకి వంగీ వంగీ నడుము ఆ వంపులోనే నిలిచిపోయింది. మీసం మీద మంచు గడ్డకట్టి, మాట్లాడినప్పుడల్లా టకటకమంటుంది. నారింజరంగు కోటు వేసుకుంటే అతను చెప్పిందే చట్టం, విప్పితే ఇంట్లో ఏ కప్పు ఎక్కడ ఉంటుందో కూడా తెలియదు.

నాలుగో కారుకీ అయిదో కారుకీ మధ్య ఉండగా జేబులో రేడియో గురగురమంది. వరసకి ముందు నిలిపిన మంచు లారీలోంచి ఐలెవ్. ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరారు.

"ఒరేయ్ హల్వరూ, ఇందాక వరస పక్కనించి వస్తూ చూశా, మీ పచ్చ కారు లైన్లో ఉంది. మీ ఆవిడ నీకు తిండి పట్టుకొచ్చిందా ఏంటి?"

"ఎక్కడ?"

"చివర్నించి నాలుగోది. తిండి అయితే నాకూ కొంచెం ఉంచు."

హల్వర్ వెనక్కి తిరిగి చూశాడు. మంచు పొగలో కార్ల దీపాలే తప్ప రంగులు తెలియడం లేదు. ఆమె తిండి తెచ్చే పని లేదు. తిండి డబ్బా పొద్దున్నే తన సంచిలో పెట్టుకున్నాడు.

పొద్దున కాఫీ తాగుతూ తూరున్ అంది, "ఇవాళ సున్నివా దగ్గరికి పోతున్నా," అని. సున్నివా ఆమె చెల్లెలు. కొండకి అవతల, సముద్రపు పాయ ఒడ్డున ఆపిల్ తోటలో ఉంటుంది. "బండి చేరదు," అన్నాడు హల్వర్, కప్పులోంచి తల ఎత్తకుండానే. నాలుగేళ్ళుగా ఆ మాటతో ఆ సంభాషణ ముగిసిపోతోంది. ఇవాళ కూడా ముగిసిందనుకుని బూట్లు వేసుకుని వచ్చేశాడు.

బండి చేరదన్నది అబద్ధం. ఆ అబద్ధం బండి చేత చెప్పించింది కూడా అతనే. నాలుగేళ్ళ కిందట ఒక శనివారం అతను వాకిట్లో చలికాలం టైర్లు బిగిస్తుంటే, లోపల ఫోనులో సున్నివా గొంతు వినిపించింది. "రెండు గదులు ఖాళీగా పడున్నాయి అక్కా. వచ్చేయి. ఆపిల్ రసం పట్టడానికి ఒక మనిషి కావాలి," అంటోంది. ఒకసారి రమ్మనలేదు, వచ్చేయమంది. తూరున్ దానికి ఏమీ అనలేదు. వద్దని కూడా అనలేదు. హల్వర్ పానా కింద పెట్టి కార్లో కూర్చున్నాడు. టైర్లు మారిస్తే ఏ చక్రాలు వేశారో తెర మీద చెప్పాలి. చెబితే బండి తన అందాజాని దానికి తగ్గట్టు సరిచేసుకుంటుంది. అతను ఆ జాబితాలో అన్నిటికంటే పెద్దవి, బరువైనవి, కొండలెక్కే జీపులకి వేసేవి ఎంచి నొక్కాడు. నిండా చార్జింగు ఉన్నా బండి అప్పటి నుంచి నూట తొంభై అనడం మొదలుపెట్టింది. సున్నివా ఇల్లు నూట ముప్పై. మూడో వంతు కోస్తే చేరదు.

జాగ్రత్త కోసమే అని తనకి తాను చెప్పుకున్నాడు. కొండ మీద ఇరుక్కున్న వాళ్ళని ఎంతమందిని లాగలేదు. అవతల చార్జర్లు ఉన్నాయి కదా అని తూరున్ ఒకసారి అడిగితే, "ఒకటి పనిచెయ్యదు, రెండో దాని ముందు టూరిస్టులు టెంటు వేసుకుని ఉంటారు," అన్నాడు. ఇంత చేసినా టైర్లలో గాలి మాత్రం ఎప్పుడూ తగ్గించలేదు. పదిహేను రోజులకోసారి సరిగ్గా చూసి నింపేవాడు. తెర చేత అబద్ధం ఆడించగలిగాడు గాని, గాలి విషయంలో అతనికి చెయ్యి రాలేదు. ఆమె అవతలికి వెళ్తే మళ్ళీ రాదని అతని భయం. అంతకు మించి అందులో ఏమీ లేదు.

"ఇదిగో, మమ్మల్ని అడగవా?" అని ఎవరో పిలిచారు. హల్వర్ ఉలిక్కిపడి అయిదో కారు వైపు వంగాడు.

లోపల ఒక ముసలి జంట నారింజలు ఒలుచుకుంటూ పుస్తకాలు చదువుకుంటున్నారు. ఈస్టర్ వస్తే మావాళ్ళకి హత్యలు కావాలి. దేశం దేశమంతా మంచులో ఎండకి కూర్చుని ఎవరు ఎవర్ని చంపారో చదువుతుంది. అయితే వీళ్ళ చేతుల్లో ఉన్నవి రెండు పుస్తకాలు కావు. ఒకే పుస్తకాన్ని నడిమికి చింపి చెరో సగం పట్టుకున్నారు.

"ఒకరైపోయేదాకా ఒకరు ఆగాలంటే కష్టం కదా," అంది ముసలావిడ. రెండో సగం ఆమె దగ్గర ఉంది. "హంతకుడెవరో నాకు తెలిసిపోయింది. చచ్చిందెవరో ఈయన చెబితే తెలియాలి."

"చెప్పను," అన్నాడు ముసలాయన.

"బండి ఎంత చూపిస్తోంది?" అని అడిగాడు హల్వర్.

"ఆ సంగతి నా సగంలో లేదు. ఆవిణ్ణి అడుగు."

మామూలు రోజైతే హల్వర్‌కి నవ్వొచ్చేది. అంకె తనే చూసుకుని, తల ఊపి, తరవాతి కారుకి నడిచాడు. తూరున్ కారు దగ్గరపడే కొద్దీ అతను ప్రతి కారు దగ్గరా ఎక్కువసేపు ఆగుతున్నాడు. పారలు చూపించమన్నాడు. దుప్పట్లు చూపించమన్నాడు. ఒకాయన్ని మేజోళ్ళు కూడా చూపించమని అడిగి, ఆయన నిజంగానే బూటు విప్పబోతే వద్దన్నాడు.

తూరున్‌కి ముందు కారులో కొత్తగా పెళ్ళైన పిల్లలు ఉన్నారు. వాళ్ళ బండి అరవై చూపిస్తోంది.

"అవతలి గేటు నలభయ్యే కదా," అన్నాడు పిల్లవాడు.

"ఈ గాలిలో నీ అరవై నలభై. ఆ నలభై కూడా లారీ ఎక్కడా ఆగకపోతే. మీరు తిరిగి కిందికి పోండి."

"మా హోటలు గది పోతుంది," అంది ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో.

"గది పోతే ఇంకోటి దొరుకుతుంది తల్లీ. ఊళ్ళో చార్జింగు పెట్టుకుని, వేడిగా ఏదైనా తిని, సాయంత్రం వరసకి రండి."

వాళ్ళు బతిమాలారు. అతను కరగలేదు. ఆ గేటు దగ్గర హల్వర్ వద్దంటే వద్దే, మంత్రి వచ్చినా అంతే. చిన్న కారు ముందుకీ వెనక్కీ కదిలి, బాధగా తిరిగి కొండ దిగిపోయింది. దాని వెనక పచ్చ కారు కనిపించింది.

అద్దం పూర్తిగా దించి ఉంది. తూరున్ ఎర్ర టోపీ పెట్టుకుని, రెండు చేతులూ స్టీరింగు మీద వేసుకుని ఎదురుచూస్తోంది. పక్క సీట్లో వంటింటి కిటికీలో ఉండే పూలకుండీ ఉంది. దానికి సీటు బెల్టు పెట్టింది. హల్వర్ ముందు ఆ కుండీనే చూశాడు. రెండు రోజులకి చుట్టపు చూపుగా పోయేవాళ్ళు కుండీలు పట్టుకుపోరు.

నోటికి అలవాటైన మాటే అన్నాడు.

"ఎంత చూపిస్తోంది?"

"రెండు వందల ముప్పై అయిదు."

"నూట తొంభై కదా."

"నువ్వు పొద్దున బయల్దేరేదాకా నూట తొంభయ్యే," అంది తూరున్. "ఆ తరవాత నేను బండిలో కూర్చుని, తెర మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశా. నాలుగేళ్ళుగా పాపం ఇది తనకి జీపు చక్రాలున్నాయనుకుంటోంది. దానికా మాట ఎవరు చెప్పారంటావ్?"

హల్వర్ టైరు వంక చూశాడు. "చలికాలం టైర్లు బరువుగా ఉంటాయి."

"వేసవిలోనో?"

వేసవి గురించి అతను ఆలోచించి పెట్టుకోలేదు.

"బండి చెప్పిందని నేను ఆగలేదు హల్వర్. నాకు ఈ అంకెలు ఏం తెలుసు? నువ్వు చేరదన్నావు కాబట్టి చేరదనుకున్నా." ఆమె గొంతులో కోపం లేదు. అరిస్తే బాగుండుననిపించింది అతనికి. "ఎందుకు చేశావు?"

"నువ్వెళ్తే మళ్ళీ రావేమోనని."

తూరున్ కాసేపు అద్దం తుడిచే పుల్లల వంక చూసింది. "అదే నన్నడగొచ్చు కదా."

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"ఏమో. అప్పుడేం చెప్పేదాన్నో ఇప్పుడెలా తెలుస్తుంది." ఆమె అతని వైపు తిరిగింది. "సరే, ఇప్పుడు నువ్వు గేటు మనిషివి. వద్దంటే తిప్పుకుని ఇంటికి పోతా, గొడవ చెయ్యను. నిజం మాత్రం చెప్పు. చేరుతుందా?"

హల్వర్ నోట్లో మాట సిద్ధంగానే ఉంది. గాలి అతని పక్షం, మంచు అతని పక్షం, ఒంటి మీద నారింజ కోటు అతని పక్షం. ఇప్పుడే ఒక జంటని తిప్పి పంపాడు, ఇంకొకరిని పంపితే అడిగేవాళ్ళు లేరు. తూరున్ కూడా నమ్ముతుంది. ఇన్ని తెలిశాక కూడా ఆమె అతన్నే అడుగుతోంది. అది అతనికి ఎక్కడో గట్టిగా తగిలింది. రెండు వందల ముప్పై అయిదులో మూడో వంతు కోశాడు. నూట యాభై చిల్లర మిగిలింది. మళ్ళీ మొదట్నించి లెక్క వేసి కోశాడు. మళ్ళీ అంతే వచ్చింది.

చేతి తొడుగు తీసేసి, కారు చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ ఒట్టి చేత్తో నొక్కి చూశాడు. ఒక్కటైనా మెత్తగా ఉంటుందేమోనని ఆశ. అన్నీ ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. కిందటి ఆదివారం తనే నింపాడు.

"చేరుతుంది," అన్నాడు తిరిగి వచ్చి. కొంచెం ఆగి, "చేరాక ఇంకా మిగులుతుంది," అన్నాడు. ఈ ముప్పై ఏళ్ళలో ఒక్క డ్రైవరుతోనైనా అతను ఆ మాట అని ఎరగడు.

తూరున్ తల ఊపింది. ఆమె కళ్ళు చెమర్చాయి, గాలికి కూడా కావచ్చు.

"డిక్కీ తియ్యి," అన్నాడు హల్వర్. "వెనక బరువెక్కువుంది. తగ్గిస్తే ఇంకా హాయిగా పోతుంది."

ఆ బరువంతా అతను పోగుచేసిందే. ఇసుక సంచి తీసి రోడ్డు పక్క పెట్టాడు. టైరు గొలుసులు, లాగే తాడు, స్పిరిట్ స్టవ్వు, కొవ్వొత్తులు, చేపముద్దల డబ్బాలు, రెండు పారలు. ఒక పార మళ్ళీ లోపల పెట్టాడు. "ఒకటి ఉండాలి. రూలు," అన్నాడు. తూరున్ అప్పుడు మొదటిసారి నవ్వింది. వెనక కారాయన దిగి వచ్చి, ఇక్కడేమైనా అంగడి పెడుతున్నారా అని అడిగి, హల్వర్ మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

అన్నిటికంటే అడుగున నీలం రంగు మూట ఒకటి ఉంది. కట్టిన తాడు కట్టినట్టే ఉంది.

"ఇదేంటి?" అంది తూరున్.

"పడుకునే సంచి. ఇద్దరికి సరిపోయేది. మనం కొండ మీద ఎప్పుడైనా ఇరుక్కుపోతే..."

"మనం కొండ మీదికి ఎప్పుడొచ్చాం?"

"రాలేదు."

"ఎప్పుడు కొన్నావు దీన్ని?"

"బండి కొన్నప్పుడే."

తూరున్ మూటని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎంత బరువుంటుందో చూస్తున్నట్టు కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. "ఇది తీసేస్తే ఏమన్నా తేడా ఉంటుందా?"

ఉంటుందనో ఉండదనో, ఏది చెబితే ఆమె దాన్ని లోపల పెడుతుందో హల్వర్‌కి తెలియలేదు. అందుకని ఉన్నది చెప్పాడు. "ఏమంత ఉండదు."

ఆమె ఇంకొంచెంసేపు ఆలోచించింది. తరవాత మూటకి మంచు తగలకుండా ఇసుక సంచి మీద పెట్టి, డిక్కీ మూసి, వెళ్ళి కార్లో కూర్చుంది.

"సున్నివా ఇంటి గోడకి ప్లగ్గుంది," అన్నాడు హల్వర్ అద్దం దగ్గర వంగి. "రాత్రి పెట్టుకుంటే పొద్దుటికి నిండుతుంది. తిరిగి రావడానికి సరిపోతుంది."

"బండికి సరిపోతుందిలే," అంది తూరున్ మెల్లగా. చెయ్యి బయటికి చాపి అతని మీసం మీద మంచుని వేలితో దులిపింది. "ఫ్రిజ్‌లో మాంసం పులుసు పెట్టా. మూడు రోజులకి వస్తుంది."

హల్వర్ అలవాటు చొప్పున రెండు రోజులనుకున్నాడు.

మిగిలిన మూడు కార్లనీ ఎలా చూశాడో అతనికే గుర్తులేదు. ఐలెవ్ లారీ పసుపు దీపాలు తిప్పుకుంటూ కదిలింది. హల్వర్ గేటు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఓస్లో కుటుంబం వెళ్ళింది, అద్దాలు వేడికి మసకబారి ఉన్నాయి. ముసలి జంట వెళ్ళింది. ముసలావిడ బండి నడుపుతూ ఏదో చెబుతోంది, ముసలాయన రెండు చెవులూ మూసుకున్నాడు. పచ్చ కారు వెళ్ళింది. దాని వెనక దీపాలు మంచులో కాసేపు ఎర్రగా కనిపించి, గులాబీ రంగుకి తగ్గి, తరవాత లేవు. హల్వర్ గేటు దించి, గుడిసెలోకి వెళ్ళి, రేడియో ముందు కూర్చున్నాడు. తిండి డబ్బా తెరిచి, మళ్ళీ మూసేశాడు.

చాలాసేపటికి రేడియో గురగురమంది.

"అందరూ దాటారు," అన్నాడు ఐలెవ్. "ఎవడూ ఇరుక్కోలేదు. తూరున్ బాగా నడిపింది. పోతూ చెయ్యూపింది."

"ఎవరికి?"

"నాకేరా. ఇక్కడింకెవరున్నారు?" ఐలెవ్ గొంతు తగ్గించాడు. "ఏరా, మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"చెప్పలేదు," అన్నాడు హల్వర్.

"నీ అందాజా ఎంత?"

హల్వర్ రేడియో కట్టేశాడు. సాయంత్రం వరసకి కార్లు రావడానికి ఇంకా టైముంది. బయటికి వెళ్ళి రోడ్డు పక్క సామానంతా ఒక్కొక్కటే గుడిసెలోకి మోశాడు. గొలుసులు, తాడు, స్టవ్వు, డబ్బాలు, పార. ఇసుక సంచి దగ్గరికి రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ ఊరికే తిరిగి వచ్చాడు. ఇద్దరికి సరిపోయే ఆ నీలం మూట, తూరున్ పెట్టినంత జాగ్రత్తగా, తాడు ముడి పైకి ఉండేట్టు, ఆ ఇసుక సంచి మీదే ఉంది.